కణంలో కత్తిరింపు పని: కేన్సరుకు కొత్త మందుల ప్రయత్నం

(రోగుల బంధువుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సమావేశంలో రక్తవ్యాధుల విభాగం వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



వార్డులో రౌండ్సుకు వెళ్ళినప్పుడు ఈమధ్య బంధువులు సెల్‌ఫోను తీసి నా ముందు పెట్టి అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "డాక్టరుగారూ, కేన్సరు కణంలో ఆర్.ఎన్.ఎ.ని మార్చే మాత్ర కనిపెట్టారట. మా నాన్నగారికి అది వాడకూడదా? అవసరమైతే పొలం అమ్మైనా తెప్పిస్తాం" అంటారు. మంచం పక్కన నిలబడి రెండు నిమిషాల్లో దీనికి జవాబు చెప్పడం కుదరదు. ఒక్క మాటలో "లేదు" అంటే, డాక్టరుకు కొత్త సంగతులు తెలియవేమో అని మీకు అనుమానం వస్తుంది. "ఉంది" అంటే లేని ఆశ కల్పించినట్లు అవుతుంది. అందుకని ఈ నెల ఉపన్యాసానికి ఈ విషయాన్నే తీసుకున్నాను. పొలం అమ్మే పని మాత్రం లేదని ముందుగానే చెబుతాను. ఎందుకు లేదో తెలియాలంటే కణం లోపల ఏం జరుగుతుందో కొంచెం ఓపికగా వినాలి.

అసలు దస్తావేజు, దాని నకలు

రిజిస్ట్రారు ఆఫీసు మీకందరికీ తెలుసు. అసలు రికార్డు అక్కడి బీరువాలోనే ఉంటుంది, బయటికి రాదు. మనకు కావలసినప్పుడు నకలు తీసి ఇస్తారు. మన శరీరంలో కూడా ఇదే ఏర్పాటు. దాదాపు ప్రతి కణంలో కేంద్రకం అనే గది ఉంటుంది. అందులో డి.ఎన్.ఎ. అనే అసలు దస్తావేజు ఉంటుంది. ఏ ప్రొటీను ఎలా తయారు చేయాలో అందులో రాసి ఉంటుంది. అలా ప్రొటీనుకు కావలసిన సమాచారం ఉన్న భాగాన్ని జన్యువు అంటాం. మనిషిలో ప్రొటీన్లు తయారు చేసే జన్యువులు సుమారు 20,000 ఉన్నాయి. దస్తావేజు గది దాటి రాదు కాబట్టి కావలసిన జన్యువుకు ఒక నకలు తయారవుతుంది. ఆ నకలే ఆర్.ఎన్.ఎ. అది కేంద్రకం బయటికి వెళ్ళి, ప్రొటీన్లు తయారయ్యే చోట ఆజ్ఞాపత్రంగా పనిచేస్తుంది.

అయితే ఇందులో ఒక విచిత్రం ఉంది. చాలాకాలం శాస్త్రజ్ఞులకు కూడా ఇది తెలియదు. జన్యువులో రాసిన సమాచారం ఒకే వరుసలో ఉండదు. నాలుగు పంక్తులు పనికొచ్చే రాత, తరువాత రెండు పేజీల పనికిరాని రాత, మళ్ళీ మూడు పంక్తులు పనికొచ్చే రాత, ఇలా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. నకలు తీసినప్పుడు అంతా కలిపే వస్తుంది. తరువాత కణం ఆ నకలులోంచి పనికిరాని ముక్కలను కత్తిరించి తీసేసి, పనికొచ్చే ముక్కలను వరుసగా అతుకుతుంది. దీన్నే స్ప్లైసింగ్ అంటారు. మనం 'కత్తిరించి అతకడం' అనుకుంటే సరిపోతుంది. 1977లో అమెరికాలో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వేరు వేరు ప్రయోగశాలల్లో, జలుబు కలిగించే ఒక రకం వైరస్ మీద పనిచేస్తూ ఈ సంగతి బయటపెట్టారు. 1993లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కత్తిరింపు పని చేసే యంత్రం పేరు స్ప్లైసియోసోం. అయిదు చిన్న ఆర్.ఎన్.ఎ.లు, వందకు పైగా ప్రొటీన్లు కలిస్తే ఆ యంత్రం అవుతుంది. మన దర్జీ దగ్గర ఒకరు కొలత తీసుకుంటే ఒకరు గీత గీస్తారు, ఒకరు కత్తిరిస్తే ఒకరు కుడతారు కదా. అలాగే ఇందులో ఒక్కో ప్రొటీనుకు ఒక్కో పని ఉంటుంది. ఎక్కడ కత్తిరించాలో గుర్తుపట్టే ప్రొటీన్లలో ఒకదాని పేరు ఎస్.ఎఫ్.3బి1. ఈ పేరు గుర్తుంచుకోండి. మీలో కొందరి చేతుల్లో ఉన్న బోన్‌మారో రిపోర్టులో ఈ పేరు ఉండవచ్చు.

ఒక్క ముక్క తేడా

ఒకే నకలును కణం అవసరాన్ని బట్టి రెండు మూడు విధాలుగా కత్తిరించగలదు. మన జన్యువులలో చాలా భాగానికి ఈ సౌకర్యం ఉంది. అందువల్లనే 20,000 జన్యువులతోనే అంతకంటే ఎన్నో రెట్లు రకాల ప్రొటీన్లు తయారవుతున్నాయి. కానీ ముక్క అటూ ఇటూ అయితే అర్థం తలకిందులవుతుంది. ఊరి నుంచి అన్నయ్య 'రావద్దు' అని ఉత్తరం రాశాడనుకోండి. చివరి ముక్క చిరిగిపోతే మిగిలేది 'రా'. మీరు మూట సర్దుకుని బస్సెక్కుతారు. పంపిన మనిషి ఒకడే, కాగితం ఒకటే. ఒక్క ముక్కతో మాట తిరగబడింది.

ఇది కేవలం పోలిక కోసం చెప్పిన మాట కాదు. బి.సి.ఎల్.-ఎక్స్. అనే జన్యువు ఉంది. దాని నకలును ఒక విధంగా అతికితే పొడుగు ప్రొటీను వస్తుంది. అది కణంతో 'చావవద్దు' అంటుంది. మధ్యలో ఒక ముక్క తీసేసి అతికితే పొట్టి ప్రొటీను వస్తుంది. అది 'నీ పని అయిపోయింది, ఇక చావు' అంటుంది. పాతబడిన, పాడైన కణాలు తమంతట తాము చనిపోవడం మన ఆరోగ్యానికి అవసరం. అనేక రకాల కేన్సరు కణాల్లో పొడుగు ప్రొటీనే ఎక్కువగా ఉంటుంది. ఆ కణాలు చావవు, మందులకు కూడా ఒక పట్టాన లొంగవు.

కత్తిరింపులో తప్పు కేన్సరులోనే వస్తుందని అనుకోకండి. మన దేశంలో తలసీమియా పిల్లల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే జన్యులోపం ఇలాంటిదే. రక్తంలోని ఎరుపుదనానికి కారణమైన హిమోగ్లోబిన్ జన్యువులో, కత్తిరించవలసిన గీత పక్కన, ఒక్క అక్షరం మారి ఉంటుంది. ఆ ఒక్క అక్షరం వల్ల కత్తెర తప్పు చోట పడుతుంది. బిడ్డకు నెలనెలా రక్తం ఎక్కించవలసి వస్తుంది. ఈ హాలులో అలాంటి తల్లులు కూడా ఉన్నారు. వారికి ఈ పేరు కొత్త కావచ్చుగాని, దాని ఫలితం మాత్రం కొత్తది కాదు.

ఇప్పుడు కేన్సరు దగ్గరికి వద్దాం. మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోం అనే జబ్బు ఉంది. మేము ఎం.డి.ఎస్. అంటాం. ఎక్కువగా 60 దాటిన వారిలో చూస్తాం. ఎముక మూలుగలో రక్తకణాలు తయారవుతాయి గాని సరిగా పక్వానికి రావు. రక్తహీనత వస్తుంది. ఆయాసం, నీరసం ఉంటాయి. ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా హిమోగ్లోబిన్ పెరగదు. కొందరిలో ఇది కొంతకాలానికి బ్లడ్ కేన్సరుగా మారుతుంది. 2011లో అనేక దేశాల పరిశోధకులు ఈ రోగుల జన్యువులను చదివినప్పుడు ఒక ఆశ్చర్యకరమైన విషయం బయటపడింది. దాదాపు సగం మందిలో లోపం ఉన్నది కత్తిరింపు యంత్రానికి చెందిన జన్యువుల్లోనే. వాటిలో ముఖ్యమైనది నేను గుర్తుంచుకోమన్న ఎస్.ఎఫ్.3బి1. ఈ లోపం ఉన్నప్పుడు, ఇనుమును సరైన చోటికి చేర్చే ప్రొటీను తాలూకు నకలు తప్పుగా కత్తిరింపబడుతుంది. ఇనుము వాడకం కాకుండా కణ కేంద్రకం చుట్టూ ఉంగరంలా పేరుకుపోతుంది. సూక్ష్మదర్శినిలో నీలంరంగు చుక్కల ఉంగరం కనిపిస్తుంది. మీ రిపోర్టులో 'రింగ్ సిడరోబ్లాస్టులు' అని రాసేది దీన్నే.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. రిపోర్టులో ఎస్.ఎఫ్.3బి1 మార్పు ఉంది అని చదివి కొందరు భయపడి ఏడుస్తారు. నిజానికి ఎం.డి.ఎస్.లో ఈ మార్పు ఉన్నవారికి, మిగతా రకాలతో పోల్చితే జబ్బు సాధారణంగా నెమ్మదిగా నడుస్తుంది. బ్లడ్ కేన్సరుగా మారే అవకాశం కూడా తక్కువ. రెండోది, ఈ మార్పు తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు. వయసు మీద పడ్డాక మూలుగలోని ఒక కణంలో పుట్టింది. పిల్లలకు, మనవలకు సంక్రమించేది కాదు. పెళ్ళి సంబంధాల దగ్గర ఈ రిపోర్టు దాచవలసిన పని లేదు.

ప్రోస్టేటు కేన్సరులో మరో విధమైన కత్తిరింపు మాయ ఉంది. ఆ కేన్సరుకు పురుష హార్మోను ఆహారం వంటిది. హార్మోను వచ్చి కూర్చునే పీటను అడ్డుకునే మాత్రలు మనం ఇస్తాం. కొన్ని నెలలో, సంవత్సరాలో బాగా పనిచేశాక మాత్ర పనిచేయడం మానుతుంది. కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి ఏమంటే, కేన్సరు కణం ఆ ప్రొటీను నకలును వేరే విధంగా కత్తిరించి, పీట లేని ప్రొటీనును తయారు చేసుకుంటుంది. అది హార్మోను రాకపోయినా కణాన్ని పెంచుతూనే ఉంటుంది. పీటే లేనప్పుడు పీటను అడ్డుకునే మందు ఏం చేస్తుంది? రక్తంలో తిరిగే కేన్సరు కణాల్లో ఈ పొట్టి ప్రొటీను ఉన్న రోగులకు ఆ మాత్రలు సరిగా పనిచేయడం లేదని 2014లో అమెరికాలో చూపించారు. మందు మార్చినప్పుడు "ఇన్నాళ్ళు నకిలీ మందు ఇచ్చారా" అని అడిగే బంధువులు ఉన్నారు. కాదండీ, మందు అసలుదే. కణమే కత్తెర మార్చింది.

చిన్న అణువు అంటే ఏమిటి?

పత్రికల్లో 'చిన్న అణువుల మందులు' అని రాస్తారు. మాత్ర చిన్నదని కాదు అర్థం. మందు రసాయనం పరిమాణం గురించి ఆ మాట. శరీరంలోకి ఇంజక్షనుగా ఇచ్చే యాంటీబాడీ మందులు బరువులో హైడ్రోజన్ పరమాణువుకు సుమారు లక్షన్నర రెట్లు. చిన్న అణువుల మందులు సాధారణంగా 500 రెట్ల లోపే. యాంటీబాడీ పెద్ద లారీ అనుకుంటే ఇది సైకిలు. లారీ సందులోకి దూరదు. సైకిలు కణం గోడ దాటి, కేంద్రకం దాకా వెళ్ళగలదు. చాలావరకు నోటి ద్వారా మింగితే సరిపోతుంది.

ఇటువంటి మందులు మనకు కొత్త కాదు. భీమవరంలో పుట్టి అమెరికా వెళ్ళిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం లెడర్లీ కంపెనీలో తయారు చేసిన అమినోప్టెరిన్ చిన్న అణువే. దానితో 1948లో సిడ్నీ ఫార్బర్ బ్లడ్ కేన్సరు పిల్లల్లో తాత్కాలికంగానైనా జబ్బు తగ్గుతుందని మొదటిసారి చూపించాడు. 2001లో అనుమతి పొందిన ఇమాటినిబ్ చిన్న అణువే. అంతకుముందు కొన్నేళ్ళే బతికే దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా రోగులు ఈరోజు ఆ మాత్ర మింగుతూ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అందుకే 'కొత్త మాత్ర' అన్న మాట వినగానే ఆశ పుట్టడం సహజం. ఆ ఆశను నేను తప్పు పట్టను.

మట్టిలో దొరికిన మందు

కత్తిరింపు యంత్రాన్ని ఆపే రసాయనాలను మొదట మనిషి తయారు చేయలేదు. నేలలో బతికే బాక్టీరియాలు తయారు చేశాయి. జపాను మందుల కంపెనీల పరిశోధకులు వాటిని వేరుచేశారు. ప్రయోగశాలలో అవి కేన్సరు కణాలను చంపుతున్నాయి గాని ఎలా చంపుతున్నాయో తెలియలేదు. 2007లో రెండు జపాను బృందాలు, రెండు వేరువేరు బాక్టీరియాల రసాయనాలతో పనిచేసి, ఒకే చోటుకి చేరుకున్నాయి. రెండు రసాయనాలూ పట్టుకున్నది ఎస్.ఎఫ్.3బి1 ఉన్న భాగాన్నే.

కత్తిరింపు మంచి కణానికి కూడా కావాలి కదా, దాన్ని ఆపితే రోగి బతుకుతాడా అని మీకు అనుమానం రావచ్చు. సరైన అనుమానమే. దీనికి శాస్త్రజ్ఞులు చెప్పే జవాబు ఇది. ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులు ఉంటాయి. రెండు ఎద్దుల బండి అనుకోండి. మంచి కణంలో రెండు ఎద్దులూ బలంగా ఉన్నాయి. కేన్సరు కణంలో ఒక ఎద్దు కుంటిది. బండి నడుస్తోంది గాని ఆ రెండో ఎద్దు మీదే భారం అంతా ఉంది. ఇప్పుడు రెండు బళ్ళ మీదా కొంచెం బరువు పెంచితే మంచి బండి ఎలాగో లాగుతుంది. కుంటి ఎద్దు బండి ఆగిపోతుంది. ఎలుకల్లో ఇది నిజమేనని తేలింది. చిక్కంతా ఎంత బరువు పెట్టాలి అన్న దగ్గరే వచ్చింది.

మనుషుల మీద మొదట పరీక్షించిన మందుకు ఇ7107 అని పేరు. రక్తనాళం ద్వారా ఎక్కించేవారు. యూరపులోను, అమెరికాలోను గడ్డల కేన్సరు ముదిరిన రోగులకు ఇచ్చారు. కణాల్లో కత్తిరింపు మారినట్లు కనిపించింది. కాని కొద్దిమంది రోగులకు కంటినరం దెబ్బతిని చూపు పోయింది. పరీక్షలు ఆపేశారు. ఈ సంగతిని నేను దాచకుండా చెబుతున్నాను. ఎందుకంటే సెల్‌ఫోనులో వచ్చే వార్తల్లో ఈ భాగం ఉండదు.

తరువాత అదే కుటుంబానికి చెందిన హెచ్3బి-8800 అనే మందును నోటి ద్వారా ఇచ్చేలా తయారు చేశారు. 2016లో అమెరికా, యూరపుల్లో ఎం.డి.ఎస్., బ్లడ్ కేన్సరు రోగుల్లో మొదటి దశ పరీక్ష మొదలైంది. 84 మంది పాల్గొన్నారు. ఫలితాలు 2021లో ప్రచురించారు. వాంతులు, విరేచనాలు ఉన్నా చాలామంది మందును తట్టుకోగలిగారు. జబ్బు పూర్తిగా గాని, పాక్షికంగా గాని తగ్గినవారు ఒక్కరు కూడా లేరు. కొందరికి మాత్రం కొంతకాలం పాటు రక్తం ఎక్కించవలసిన అవసరం తప్పింది. నెలకు రెండుసార్లు రక్తం కోసం తిరిగే కుటుంబానికి అది చిన్న విషయం కాదని నాకు తెలుసు. అయినా దాన్ని జబ్బు నయం చేసే మందు అనలేం. ఆ మందుకు చికిత్సగా అనుమతి రాలేదు.

మరో దారి కూడా ఉంది, అది నాకు చాలా ఆసక్తి కలిగించింది. ఇండిసులాం అనే పాత మందు ఒకటి ఉంది. దాన్ని చాలాకాలం క్రితమే రకరకాల కేన్సర్లలో వాడి చూశారు, గొప్ప ఫలితాలు రాలేదు, పక్కన పెట్టారు. అది కణంలో ఏం చేస్తుందో 2017లో గాని తెలియలేదు. కణంలో చెత్త పారేసే ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఈ మందు బంకలా పనిచేసి, కత్తిరింపుకు సాయపడే ఆర్.బి.ఎం.39 అనే ప్రొటీనును ఆ చెత్త ఏర్పాటుకు అంటిస్తుంది. కణం తన పనివాడిని తానే చెత్తకుండీలో వేసుకుంటుంది. కత్తిరింపు చెడుతుంది. ఈ వరుసలోని మందులను, కత్తిరింపు ప్రొటీన్లకు మీట నొక్కే ఎంజైములను ఆపే మందులను ఇప్పుడు బ్లడ్ కేన్సర్లలో పరీక్షిస్తున్నారు. ఇవన్నీ ఇంకా పరీక్షలే.

కత్తిరింపును మార్చే చిన్న అణువు ఒక్కటైనా మందుల దుకాణం దాకా వచ్చిందా అంటే, వచ్చింది, కాని కేన్సరుకు కాదు. స్పైనల్ మస్కులర్ అట్రోఫీ అని పసిపిల్లల కండరాలు క్షీణించే జబ్బు ఉంది. వారికి అవసరమైన జన్యువు ఉండదు. దాని తమ్ముడి లాంటి మరో జన్యువు ఉంటుంది గాని, దాని నకలులో ఏడవ ముక్క తరచుగా జారిపోతుంది. రిస్డిప్లాం అనే మందు ఆ ముక్కను జారిపోకుండా పట్టి ఉంచుతుంది. రోజూ నోట్లో వేసే ద్రవం. 2020 ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చింది. దాని ధర సామాన్యులకు అందనంత ఎక్కువ. పేటెంటు వివాదం కోర్టులకెక్కింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవడానికి నిరాకరించాక, హైదరాబాదుకు చెందిన నాట్కో కంపెనీ అదే మందును చాలా తక్కువ ధరకు అమ్మకానికి తెచ్చింది. ఒక జబ్బులో కత్తిరింపును మందుతో సరిచేయగలమని రుజువైంది కాబట్టే కేన్సరు పరిశోధకులు ఇంకా ప్రయత్నం మానలేదు. అయితే తేడా గమనించండి. ఆ పిల్లల్లో సరిచేయవలసింది ముఖ్యంగా ఒక్క జన్యువు నకలు. కేన్సరు కణంలో యంత్రమే చెడినప్పుడు వందల నకళ్ళు ఒకేసారి తప్పుతాయి. ఒక్క తాళంచెవితో తెరుచుకునే తలుపు కాదు అది.

మరి మన రోగికి ఏమిటి?

ఊపిరితిత్తుల కేన్సరు రోగుల బంధువులు ఎవరైనా ఉంటే ఈ మాట వినండి. ఆ కేన్సరులో మెట్ అనే జన్యువు ఉంది. నూటికి ముగ్గురు నలుగురిలో దాని నకలులోని 14వ ముక్క జారిపోతుంది. ఆ ముక్కలోనే ప్రొటీనును సమయానికి పారేయాలన్న గుర్తు ఉంటుంది. గుర్తు పోయింది కాబట్టి ప్రొటీను పోగుపడి గడ్డను పెంచుతుంది. ఇక్కడ కత్తిరింపును సరిచేయనవసరం లేకుండానే, దానివల్ల పోగుపడిన ప్రొటీనును ఆపే చిన్న అణువులు ఉన్నాయి. కాప్మాటినిబ్‌కు 2020లో, టెపోటినిబ్‌కు 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది. నూటికి ముగ్గురే కావచ్చు. మీ రోగి ఆ ముగ్గురిలో ఒకరు కావచ్చు. కాబట్టి బయాప్సీ ముక్కకు జన్యుపరీక్ష చేసినప్పుడు ఈ 14వ ముక్క సంగతి కూడా చూశారా అని మీ డాక్టరును అడగండి. అడిగితే ఎవరూ కోపగించుకోరు. బయాప్సీ ముక్క ఉన్న మైనపు దిమ్మను లాబ్‌నుంచి తీసుకుని ఇంట్లో భద్రంగా పెట్టుకోండి. ఎండలో, వంటింటి వేడిలో పెట్టవద్దు.

ఎం.డి.ఎస్.లో రింగ్ సిడరోబ్లాస్టులు ఉన్నవారి రక్తహీనతకు లుస్పాటర్సెప్ట్ అనే ఇంజక్షన్ 2020లో అమెరికాలో అనుమతి పొందింది. మూడు వారాలకొకసారి చర్మం కింద ఇస్తారు. ఇది కత్తిరింపును సరిచేయదు. ఎర్రకణాలు పక్వానికి రావడానికి సాయపడుతుంది. ఖరీదైన మందు. అందరికీ పనిచేయదు. మీ రోగికి తగినదో కాదో రిపోర్టులు చూసి విడిగా మాట్లాడుకోవాలి.

ఇంటర్‌నెట్టులో కొన్ని కంపెనీలు ఇందాక చెప్పిన రసాయనాలను మిల్లీగ్రాముల లెక్కన అమ్ముతాయి. సీసా మీద 'పరిశోధనకు మాత్రమే' అని ఉంటుంది. అవి ప్రయోగశాలలో గాజుపళ్ళెంలోని కణాల మీద వేయడానికి తయారు చేసినవి, మనిషి మింగడానికి కావు. మనిషిలో జాగ్రత్తగా ఇచ్చినప్పుడే చూపు పోయిన మందు కుటుంబం అది. "మా మేనల్లుడు విదేశాల్లో ఉన్నాడు, పంపిస్తాడు" అని దయచేసి తెప్పించకండి. దానికోసం ఉన్న కీమో మాత్రలు ఆపేయడం మరీ ప్రమాదం.

ఎవరైనా క్లినికల్ ట్రయల్‌లో చేర్పిస్తామని చెబితే నాలుగు సంగతులు చూడండి. మన దేశంలో 2009 జూన్ నుంచి ప్రతి ట్రయల్‌ను ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. దాన్ని సి.టి.ఆర్.ఐ. అంటారు. నమోదు సంఖ్య అడగండి, ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగు ప్రతి ఇవ్వమని అడగండి, ఇంటికి తీసుకెళ్ళి చదివించుకోండి, సంతకానికి తొందరపడకండి. పరీక్షలో ఉన్న మందుకు డబ్బు అడిగితే అనుమానించండి. ట్రయల్ కారణంగా రోగికి హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని 2019 నిబంధనల్లో ఉంది. ఏ రోజైనా వద్దనుకుంటే బయటికి రావచ్చు. దానివల్ల మామూలు వైద్యం ఆగదు. మొదటి దశ ట్రయల్ అంటే ముఖ్యంగా ఎంత మోతాదు తట్టుకోగలరో చూసేది. మీ రోగికి మేలు జరగవచ్చు, జరగకపోవచ్చు. ఆ సంగతి రోగికి కూడా తెలియాలి. పెద్దాయన భయపడతారని దాచి, కొడుకు సంతకం పెట్టడం కుదరదు. ఆయనకు తెలివి ఉన్నంతవరకు నిర్ణయం ఆయనదే.

చివరగా, ఎం.డి.ఎస్. రోగులకు, తలసీమియా పిల్లలకు రోజువారీ పనికొచ్చే సంగతి ఒకటి. ఈ కొత్త మందులు వచ్చేదాకా మనం ఆధారపడేది రక్తం మీదే. ఒక్కో సీసా రక్తంతో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము శరీరంలోకి వెళుతుంది. దాన్ని బయటికి పంపే దారి మన శరీరానికి లేదు. ఇరవై సీసాలు దాటేసరికి అది గుండె, కాలేయంలో పేరుకోవడం మొదలవుతుంది. కాబట్టి ఎన్ని సీసాలు ఎక్కించారో, ఏ తేదీన ఎక్కించారో ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచండి. ఏ ఆస్పత్రిలో ఎక్కించినా అదే పుస్తకంలో రాయండి. ఫెరిటిన్ అనే రక్తపరీక్ష మూడు నెలలకొకసారి చేయిద్దాం. అది 1,000 దాటితే ఇనుమును తీసే మందు గురించి ఆలోచించాలి. డెఫెరాసిరాక్స్ మాత్రలు నీళ్ళలో కరిగే రకమైతే ఖాళీ కడుపున, భోజనానికి అరగంట ముందు, నీళ్ళలో పూర్తిగా కరిగించి తాగాలి. నమలకూడదు. గ్లాసు అడుగున మిగిలినదాన్ని మరికొంచెం నీళ్ళతో కలిపి తాగించండి. ఆ మందు వాడేవారికి కిడ్నీ, లివర్ పరీక్షలు నెలనెలా కావాలి. రక్తం ఎక్కించే రోజునే, ఎక్కించక ముందు ఆ శాంపిలు కూడా ఇస్తే రెండుసార్లు సూది పడదు, బస్సు ఖర్చూ కలిసివస్తుంది. నోటు పుస్తకాలు లేనివారు బయటికి వెళ్ళేటప్పుడు సిస్టరుగారి దగ్గర తీసుకోండి.